ఏ రోజు కోపం ఆ రోజుదే

రాజోలు,
ముక్కనుమ మర్నాడు.

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ పండక్కి రెండు రోజుల ముందే అందింది. ఇంట్లో చుట్టాలు, అరిసెల పాకం, మనవళ్ళ గోల. వాటి మధ్య చదివితే నీకు అన్యాయం చేసినట్టవుతుందని పక్కన పెట్టాను. నిన్న సాయంత్రం అందరూ బస్సెక్కాక అరుగు మీద కూర్చుని ఒకసారి, రాత్రి భోజనమయ్యాక మళ్ళీ ఒకసారి చదివాను. "మాష్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని చివర రాశావు. మొహమాటం నాకు మొదట్నుంచీ తక్కువే, దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోకు.

బాగున్నది ముందు చెబుతాను. ఐసంటే రొయ్యల ట్రేల మీద పోసే పొడిగానే తెలిసిన కోనసీమ పిల్ల ఫోనులో ఫిగర్ స్కేటింగ్ చూసి దానికి బానిసవడం, రష్యా స్కేటర్ కమీలా వలీయేవాని సొంత చెల్లెల్లా చూసుకోవడం, ఆ అమ్మాయి డోపింగులో దొరికిందని తెలిశాక ఈ పిల్ల ఇక్కడ అన్నం మానెయ్యడం. ఇది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. వాళ్ళ నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మ మీద ఆ పిల్ల గోటితో ఎనిమిది అంకె గీస్తుంది, చూస్తుండగానే అది కరిగి చెరిగిపోతుంది. అక్కడ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరుకున్నాను. ఫిగర్ స్కేటింగ్‌లో 'ఫిగర్' అంటే మంచు మీద గీసే అలాంటి గీతలేనని, 1990 తర్వాత ప్రపంచ పోటీల్లోంచి వాటిని తీసేశారని నువ్వు తెలిసే రాశావో, చెయ్యి దానంతటదే గీసిందో నన్ను అడగనివ్వకు. తెలియకపోవడమే బాగుంటుంది.

ఇక చెడ్డది. బీజింగ్ ఒలింపిక్స్‌లో 2022 ఫిబ్రవరి 17 రాత్రి వలీయేవా పడిపోయినప్పుడు స్టేడియంలో జనం గేలి చేశారని, మన పిల్ల అర్ధరాత్రి దుప్పటి కింద ఫోను పెట్టుకుని అది విన్నదని రాశావు. బీజింగ్‌లో అప్పుడు కరోనా ఆంక్షలు. మామూలు జనానికి టికెట్లే అమ్మలేదు. పిలిచినవాళ్ళు కొద్దిమంది మాస్కులతో కూర్చున్నారు, అంతే. అర్ధరాత్రి కూడా కాదు. బీజింగ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆఖరున దిగింది వలీయేవా, అప్పటికి మనకి రాత్రి ఏడున్నర. మీ ఇంట్లో ఏడున్నరకి ఏం జరుగుతుంది? పొయ్యి మీద చేపల పులుసు, పక్కింటివాళ్ళ సీరియల్ పాట, "ఆ ఫోను అవతల పారేసి కంచాలు పెట్టవే" అని అమ్మ కేక. ప్రపంచమంతా అభిమానులు ఆ పతనాన్ని చూసింది ఇలాంటి ఇళ్ళల్లోనే. గేలి చేసే జనాన్ని నువ్వు తెచ్చి పెట్టుకున్నావు, నీ దగ్గర కంచాలుండగా!

మందు సంగతి ఇంకా ఘోరం. 'రహస్య ప్రయోగశాలలో తయారైన మాయ మందు' అన్నావు. అమ్మాయీ, ఆ మందు ఇప్పుడు నా బల్ల మీదుంది. ట్రైమెటాజిడిన్, 35 ఎంజీ. ఛాతీలో పట్టేసినట్టు వచ్చే నొప్పికి మా డాక్టరు రాశాడు. టిఫినయ్యాక ఒకటి, రాత్రి అన్నమయ్యాక ఒకటి. వెండి రంగు రేకు మీద పేరు ఎంత చిన్న అక్షరాలతో ఉంటుందంటే, కళ్ళజోడు తీసి రేకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ కనబడదు. సెంటర్లో మందుల షాపు కుర్రాడు స్ట్రిప్పుని కత్తెరతో సగానికి కోసి కాగితం కవర్లో వేసిస్తాడు. ఆక్సిజన్ తక్కువైనప్పుడు గుండె కండరం తన ఇంధనాన్ని పొదుపుగా వాడుకునేలా చేస్తుందట. అందుకే 2014 నుంచీ అది క్రీడాకారులకి నిషేధం. నా అంత ముసలాడు మింగే మాత్ర పదిహేనేళ్ళ పిల్ల ఒంట్లో దొరికిందనేదే అభిమానుల్ని పిచ్చెక్కించింది. మాయ మందైతే ఎవరికీ అంత నొప్పి ఉండేది కాదు.

నీ కథలో తాతయ్య ఉన్నాడు. మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఆయన మాత్రల డబ్బాలో ఏముందో నువ్వు చూడలేదు. చూడమని అనడం లేదు, ఊరికే చెబుతున్నాను.

అసలు తగువు తారీఖులతో. నీ పిల్ల ఫిబ్రవరి 17న ఏడుస్తూనే 'నాలుగేళ్ళు నిషేధించాల్సిందే' అంటుంది. నాలుగేళ్ళ తీర్పు స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం ఇచ్చింది 2024 జనవరి 29న. దాదాపు రెండేళ్ళ తర్వాత పుట్టబోయే మాట ఆ పిల్ల నోట్లోకి ఎలా వచ్చింది? నీకు తెలుసు కాబట్టి వచ్చింది. నీ తెలివి తెచ్చి దాని చేతిలో పెట్టావు. పెట్టగానే అది పిల్ల కాకుండా పోయి నీ వకీలైపోయింది.

తారీఖులు ఓపిగ్గా పరుచుకో. డోపింగు పరీక్షకి వలీయేవా శాంపిల్ తీసుకున్నది 2021 డిసెంబరు 25న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అది స్టాక్‌హోమ్ ల్యాబుకి వెళ్ళింది. ఫలితం వచ్చింది ఫిబ్రవరి 8న. మధ్యలో, 7న, టీమ్ పోటీ ముగిసింది. ఆ రోజే వలీయేవా గాల్లో నాలుగు చుట్లు తిరిగి దిగింది, ఒలింపిక్స్‌లో ఒక అమ్మాయి అది చెయ్యడం అదే మొదటిసారి. రష్యా జట్టు మొదటి స్థానం, అమెరికా రెండు, జపాన్ మూడు. అంటే 7వ తారీఖున ఆ సీసా ల్యాబులో ఉంది, ఇక్కడ నీ పిల్ల మంచం మీద గెంతుతోంది. ఆ ఒక్క రోజు నీ కథకి గుండెకాయ. నువ్వు దాన్ని 'ఆమె చాలా సంతోషించింది' అని మూడు ముక్కల్లో దాటేశావు. నేనైతే రెండు పేజీలు రాసేవాణ్ణి. ఆ సంతోషంలో నీకు తెలిసింది ఒక్క చుక్క కూడా కలపకుండా.

మర్నాడు పతకాల వేడుక జరగలేదు. ఎందుకో స్పష్టంగా చెప్పలేదు. 11న గానీ అధికారికంగా పేరు బయటపెట్టలేదు. ఆ మధ్య రోజుల్లో అభిమానులు ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా? పరీక్షల రిజల్ట్స్ రాకముందు మన వీధిలో ఎవరు ఫెయిలై ఉంటారో జనం లెక్కలేసినట్టు లెక్కలేస్తారు. తమ మనిషి పేరు తప్ప అందరి పేర్లూ అనుకుంటారు. 14న, పదహారేళ్ళు నిండని పిల్ల కాబట్టి ఆడనివ్వొచ్చని న్యాయస్థానం అంది. 15న, విడిగా ఆడే పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రాంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ రోజు అమెరికా టీవీలో వ్యాఖ్యానం చెప్పే టారా లిపిన్‌స్కీ, జానీ వియర్ ఇద్దరూ ఒకప్పటి స్కేటర్లే. ఆ పిల్ల ఆడినంతసేపూ దాదాపు నోరు విప్పలేదు. తిట్లు నాలుగు పేజీలు రాశావు కదా, ఆ మౌనం ఒక్క లైను రాస్తే నీ నాలుగు పేజీలూ తేలిపోతాయి. తిట్టినవాళ్ళలోనూ అందరి కోపం ఒకటి కాదు. గంజాయి దొరికిందని టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయిన అమెరికా పరుగుల రాణి షకారి రిచర్డ్‌సన్ అడిగింది, నా కేసుకీ ఈమె కేసుకీ తేడా ఏమిటని. తేడా తన ఒంటి రంగేనంది. ఆ కోపం వలీయేవా మీద కన్నా తలుపు దగ్గర నిలబడి ఒకరిని ఆపి ఇంకొకరిని లోపలికి పంపినవాళ్ళ మీద.

17న పడింది, లేచింది, మళ్ళీ పడింది. నాలుగో స్థానం. బయటికి రాగానే కోచ్ ఎతెరీ తుత్‌బెరీద్జె "ఎందుకు వదిలేశావు, ఎందుకు పోరాటం ఆపేశావు" అని నిలదీయడం కెమెరాలో పడింది. పొద్దున్నదాకా శాపనార్థాలు పెట్టినవాళ్ళే ఆ రాత్రి 'అయ్యో పసిపిల్ల' అన్నారు. చూడు, ఆ సాయంత్రం శాంపిల్ గురించి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. సాక్ష్యం అదే, మాత్ర అదే. మనసులు మాత్రం తిరగబడ్డాయి. అది ఎందుకో నీ కథ పట్టుకోవాలి. నాకు తెలిసినంతలో నేను ఒకసారే పట్టుకున్నాను, అది కూడా కాగితం మీద కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనమామకి ఒక డేగ పుంజు ఉండేది. సంక్రాంతికి తోటలో బరి. మొదటి దెబ్బకే అది కూలబడింది, అయిపోయిందనుకున్నాం. ఇంతలో ఏమైందో లేచి, అవతల నెమలి పుంజుని ఊపిరి తియ్యనివ్వలేదు. మా వీధి కుర్రాళ్ళం దాన్ని భుజాల మీద ఊరేగించాం. సాయంత్రం కాలవ గట్టు మీద గాయాలకి పసుపు రాసే పని నాది. రొమ్ము కింద చెయ్యి పెడితే దాని గుండె కొట్టుకుంటోంది. పందెం అయి రెండు గంటలైంది, ఇంకా బరిలో ఉన్నట్టే కొట్టుకుంటోంది. నీళ్ళు పెడితే తాగలేదు. తెల్లారేసరికి చచ్చిపోయింది. పొద్దున్నే అవతలి ఊరి పిల్లలు వచ్చి "మందు పెట్టారెహె" అని అరిచారు. మట్టిబెడ్డ తీసి ఒకడి నుదురు పగలగొట్టాను. ఎందుకు కొట్టానంటే, వాడు అన్నది నా అరచేతికి రాత్రే తెలుసు కాబట్టి. మామయ్యని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇప్పుడు అడగడానికి ఆయనా లేడు.

ఇది రెండుసార్లు రాసి రెండుసార్లూ పాడుచేశాను. రెండింట్లోనూ కుర్రాడికి మొదటి పేరాలోనే అనుమానం పెట్టాను. అనుమానం ముందే ఉంటే ఊరేగింపులో భుజం ఎలా ఇస్తాడు? నీ కథలో తప్పు నాకు అంత త్వరగా దొరికింది నీకన్నా తెలివైనవాణ్ణని కాదు, అదే గోతిలో రెండుసార్లు పడ్డాను.

తాత కథ గురించి ఒక్క మాట. వలీయేవా తరఫువాళ్ళు మొదట, ఆమె తాతగారు మాత్ర వేసుకున్న గ్లాసులో తాగి ఉండొచ్చన్నారు. తర్వాత ఆయన చేసిచ్చిన స్ట్రాబెర్రీ స్వీటన్నారు, మాత్రలు నలిపే పలక మీదే తయారుచేశాడని. నీ కథలో అందరూ దీనికి పగలబడి నవ్వుతారు. కోనసీమ మనిషి నవ్వడమ్మా. క్లోరాంఫెనికాల్ అనే నిషేధించిన యాంటీబయోటిక్ ఆనవాలు దొరికి రొయ్యల సరుకు వెనక్కొచ్చినప్పుడు రైతు ఏమంటాడు? "నేను వెయ్యలేదండి, మేతలో వచ్చిందో, సీడులో వచ్చిందో" అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. ల్యాబు కాగితానికి ఆ మాట పట్టదు, సరుకు నీ పేరున ఉంటే లెక్క నీదే. డోపింగులోనూ అంతే. న్యాయస్థానం చివరికి అన్నది కూడా జాగ్రత్తగా చదువు. కావాలనే తీసుకుందని తేల్చి చెప్పలేదు. కావాలని తీసుకోలేదని ఆమె రుజువు చేసుకోలేకపోయింది అంది. ఈ రెండు మాటల మధ్య సందు చాలా ఇరుకు. నీ పిల్ల నాన్న ఐసు పంపేది రొయ్యల చెరువులకే కదా, ఆ సందు ఆయనకి అర్థమైనంత బాగా స్విట్జర్లాండ్ వకీళ్ళకి కూడా అర్థం కాదు. ఆయన చేత రెండు ముక్కలు మాట్లాడించు. ఎక్కువొద్దు, మగాళ్ళు అన్నం తినేటప్పుడు మాట్లాడినంతే.

పారిస్ ఘట్టం తీసెయ్. అమెరికా, జపాన్ జట్లకి పతకాలు 2024 ఆగస్టు 7న, సరిగ్గా రెండున్నరేళ్ళకి, ఈఫిల్ టవర్ ఎదురుగా ఎండలో ఇచ్చారు. మంచి దృశ్యమే, కానీ అది వేరే కథ. వాళ్ళ అభిమానులు వేరే, వాళ్ళు పోగొట్టుకున్నది వేరే. దాన్ని చివర తగిలించి తక్కెడ సమానం చేద్దామని చూశావు. తక్కెడ పని వదిలెయ్. వయసు పరిమితి పదిహేను నుంచి పదిహేడుకి పెంచిన సంగతీ అక్కర్లేదు, అది పేపర్లో చదువుకుంటారు.

2025 డిసెంబరు 25తో వలీయేవా నిషేధం నాలుగేళ్ళూ తీరిపోయాయి. నీ పిల్ల ఇప్పుడు డిగ్రీ అయిపోయి ఉండాలి. ఆ 7వ తారీఖు వీడియో ఫోనులో ఇంకా ఉందా, తుడిచేసిందా? నాకు అది తెలుసుకోవాలనుంది. నువ్వు రాసినదాంట్లో లేదు.

మాఘమాసం అయ్యేలోపు మళ్ళీ రాసి పంపు. కోడి సంగతి మాత్రం వాడుకోకు, అది నాది, ఇంకోసారి ప్రయత్నిస్తాను.

ఆశీస్సులతో,
మాష్టారు

తా.క.: ఐసు ఫ్యాక్టరీ సీనులో డబ్బాలు ఉప్పునీళ్ళలోంచి పైకి లేవడం రాశావు, దిమ్మ జారి పడే చప్పుడు రాశావు. అమోనియా వాసన మర్చిపోయావు. గుమ్మంలోనే కళ్ళు మండుతాయి. ఒకసారి వెళ్ళి నిలబడి రా.