డాక్టర్ సలహా: స్నానాల గదిలో గ్యాస్ గీజర్ బిగించుకోవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో అయిదుగురం ఉంటాం. విద్యుత్ గీజర్ పాడైపోవడంతో దాని స్థానంలో గ్యాస్ గీజర్ పెట్టించాలనుకుంటున్నాం. స్నానాల గది లోపలే గోడకు బిగిస్తానని, అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కాబట్టి భయపడాల్సిన పనిలేదని మెకానిక్ చెబుతున్నారు. అయితే కొన్నాళ్ల క్రితం బంధువుల ఇంట్లో, గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో తలంటుకుని బయటికి రాగానే నాకు విపరీతమైన తలనొప్పి, వాంతి, కాళ్లలో నిస్సత్తువ వచ్చాయి. పల్స్ ఆక్సీమీటర్‌ పెట్టి చూస్తే 98 చూపించింది. పైత్యం చేసి ఉంటుందని సరిపెట్టుకున్నాను. నా భార్యకు ఇప్పుడు అయిదో నెల. మా అమ్మగారికి గుండెలో స్టెంట్ వేశారు. గ్యాస్ గీజర్ మాకు సురక్షితమేనా? పెట్టించుకుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: గ్యాస్ గీజర్ వాడుకోవచ్చు, కానీ దాన్ని స్నానాల గది లోపల బిగించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, కిటికీ ఉన్నా, మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా నా సమాధానం ఇదే. గీజర్ మంట పీల్చుకునే గాలి, మీరు పీల్చుకునే గాలి ఒకటి కాకూడదు. ఇంట్లో గర్భిణి, గుండెజబ్బు ఉన్న పెద్దావిడ ఉన్నారు కనుక ఈ విషయంలో రాజీకి తావే లేదు.

ముందు మీకు జరిగినదాని గురించి మాట్లాడుకుందాం. ఇన్నాళ్ల తర్వాత కచ్చితంగా నిర్ధారించడం సాధ్యం కాదు గానీ, మీరు చెప్పిన లక్షణాలు కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావాన్నే ఎక్కువగా సూచిస్తున్నాయి. గ్యాస్ పూర్తిగా మండనప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. సిలిండర్ లీకైతే ముక్కు పసిగట్టడానికి వంటగ్యాస్‌లో ఘాటైన వాసన కలిగిన రసాయనాన్ని కలుపుతారు. మండిన తర్వాత వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. పైగా మీరు నమ్మకం పెట్టుకున్న ఆక్సీమీటర్ ఈ ఒక్క సందర్భంలో పూర్తిగా తప్పుదోవ పట్టిస్తుంది. ఆ పరికరం వేలిలోంచి ఎరుపు, పరారుణ కాంతులను పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో లెక్కగడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్ లాగే ఎర్రగా ఉంటుంది కాబట్టి, రోగి స్పృహ తప్పే స్థితిలో ఉన్నా తెర మీద 98 కనిపించవచ్చు. అసలు సంగతి తెలియాలంటే రక్తం తీసి కో-ఆక్సీమీటర్ అనే యంత్రంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ శాతాన్ని కొలవాలి. అది కూడా వెంటనే జరగాలి. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలోని ఈ విషం ప్రతి నాలుగైదు గంటలకు సగానికి తగ్గిపోతుంది కనుక ఇప్పుడు మీరు పరీక్ష చేయించుకుంటే ఏమీ దొరకదు. మీ బంధువులకు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, ఆ గీజర్‌ను వాడడం ఆపించి, తనిఖీ చేయించమనండి. మీరు ఒక్కరోజు స్నానం చేశారు, వారు రోజూ చేస్తున్నారు.

హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద ఉన్న ఆకర్షణకన్నా కార్బన్ మోనాక్సైడ్ మీద ఉన్న ఆకర్షణ 200 రెట్లకు పైగా ఎక్కువ. అందువల్ల గాలిలో అది చాలా కొద్దిగా ఉన్నా, నిమిషాలు గడిచేకొద్దీ రక్తంలో చోటు ఆక్రమిస్తూ పోతుంది. అంతటితో ఆగకుండా, మిగిలిన హీమోగ్లోబిన్ మోసుకెళ్తున్న ఆక్సిజన్‌ను కూడా కణజాలానికి సులభంగా విడుదల కానివ్వదు. ఆక్సిజన్ అవసరం అందరికన్నా ఎక్కువగా ఉండే మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, చూపు మసకబారడం, ఆలోచన మందగించడం, కాళ్లు సహకరించకపోవడం వరుసగా రావచ్చు, లేదా ఒకేసారి రావచ్చు. ఈ చివరి రెండు లక్షణాలే ప్రాణాంతకమవుతాయి: ఏదో జరుగుతోందని తెలుస్తుంది, తలుపు రెండడుగుల దూరంలోనే ఉంటుంది, అయినా గడియ తీసేంత ఓపిక గానీ, తీయాలన్న స్ఫురణ గానీ ఉండవు. స్నానాల గదిలో పడిపోయి ఆసుపత్రికి వచ్చినవారిని చూసినప్పుడు కాలు జారిందనో, వేడినీళ్లకు బీపీ పడిపోయిందనో, మూర్ఛ వచ్చిందనో అనుకోవడం సహజం. ఆ గదిలో గ్యాస్ గీజర్ ఉందన్న మాట ఎవరో ఒకరు చెబితే తప్ప వైద్యుడి ఆలోచన అటు పోకపోవచ్చు. జ్వరం లేకుండా తలనొప్పి, వాంతి రావడం, బయటికి వచ్చాక కాసేపటికి తేరుకోవడం, ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అదే రోజు అవే లక్షణాలు కనిపించడం, ఈ మూడింటిలో ఏది జరిగినా గీజర్‌ను అనుమానించాలి.

‘పది నిమిషాల స్నానానికి ఇంత భయమా’ అని మీరు అనుకోవచ్చు. ఒక చిన్న లెక్క చూద్దాం. నిమిషానికి సుమారు 6 లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ స్థూలంగా గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అంటే పది నిమిషాల్లో రెండు ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిలో ఉండే గాలి మొత్తం సుమారు ఎనిమిది ఘనపు మీటర్లే. చలికాలంలో తలుపు, కిటికీ బిగించుకుని ముగ్గురు వరుసగా స్నానం చేస్తే మూడోవారి వంతు వచ్చేసరికి మంటకు ఆక్సిజన్ కరవవుతుంది. మంట ఆరిపోదు; సరిగా మండకుండా కార్బన్ మోనాక్సైడ్‌ను మునుపటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వదలడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఆఖరున స్నానం చేసే మనిషికి ముప్పు ఎక్కువ కావడానికి కారణమిదే. ఆ ఆఖరి మనిషి చాలా ఇళ్లలో గృహిణే అవుతుందన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి. ఫ్యాన్ గాలిని బయటికి నెట్టాలంటే అంత గాలీ మరోవైపు నుంచి లోపలికి రావాలి. తలుపు కింద సందు గానీ, గోడకు దిగువన జాలీ గానీ లేకపోతే ఫ్యాన్ తిరుగుతున్న శబ్దం వినిపిస్తుందే తప్ప గాలి మారదు. పొగగొట్టం ఉన్న గీజర్‌కైతే ఫ్యాన్ మేలుకన్నా కీడే చేయవచ్చు. మామూలు పొగగొట్టంలో వేడి వాయువులు తేలికగా ఉండడం వల్ల వాటంతట అవే పైకి పోతాయి. ఆ లాగుడు చాలా బలహీనమైనది. అదే గదిలో ఫ్యాన్ గాలిని గుంజుతుంటే, గొట్టంలోంచి పైకి పోవాల్సిన వాయువులు తిరిగి గదిలోకే దిగుతాయి. మెకానిక్ ధైర్యం చెప్పడానికి వాడిన వస్తువే ప్రమాదానికి కారణం కావచ్చన్నమాట. వంటగదిలో చిమ్నీ నడుస్తున్నప్పుడు పక్కనే ఉన్న గీజర్‌కూ ఇదే పరిస్థితి ఎదురవుతుంది.

మరి ఎక్కడ పెట్టాలి? పైకప్పు నీడ ఉండి, గాలి స్వేచ్ఛగా ఆడే బయటి గోడ అన్నిటికన్నా మంచిది. అక్కడి నుంచి వేడినీళ్ల పైపు మాత్రమే స్నానాల గదిలోకి రావాలి. బాల్కనీలో పెట్టవచ్చు గానీ, అద్దాలతోనో ప్లాస్టిక్ షీట్లతోనో మూసేసిన బాల్కనీ కూడా గదితో సమానమే. పడకగది కిటికీ పక్కన, దాని కిందిభాగాన బిగించవద్దు. వెలువడే వాయువులు ఆ కిటికీలోంచే లోపలికి వస్తాయి. అపార్టుమెంట్లలో కొందరు పొగగొట్టాన్ని స్నానాల గదుల మధ్య ఉండే ఇరుకైన డక్ట్‌లోకి వదిలేస్తారు. అలా చేస్తే మన ఇంటి విషం పై అంతస్తువారి వెంటిలేటర్‌లోకి చేరుతుంది. పొగగొట్టం చివర ఆరుబయట ఆకాశం కిందే ఉండాలి.

బయటి గోడ దొరక్కపోతే, దహనానికి కావలసిన గాలిని ఒక గొట్టం ద్వారా బయటి నుంచే తీసుకుని, మండిన వాయువులను మరో గొట్టం ద్వారా బయటికే పంపే, పూర్తిగా మూసి ఉండే గీజర్లు ఉన్నాయి. గది గాలితో వాటికి సంబంధం ఉండదు. ధర ఎక్కువైనా ఇంటి లోపల పెట్టడానికి నేను ఒప్పుకునేది వీటినే, అదీ తయారీదారు ఆ స్థలాన్ని అనుమతించినప్పుడే. పొగగొట్టమే లేని చిన్న గీజర్లలో ఆక్సిజన్ తగ్గితే మంట ఆర్పే సెన్సర్, 20 నిమిషాలకు ఆగిపోయే టైమర్ ఉంటాయని అమ్మేవారు చెబుతారు. ఉండడం మంచిదే. కానీ టైమర్ ఆగాక మళ్లీ కుళాయి తిప్పితే గీజర్ మళ్లీ వెలుగుతుంది, ఆ లోపు గది గాలి శుభ్రపడదు. కనుక వాటిని అదనపు రక్షణగానే లెక్కించాలి. స్థలం గానీ, గీజర్ రకం గానీ కుదరకపోతే మళ్లీ విద్యుత్ గీజర్ కొనుక్కోవడమే సరైన నిర్ణయం.

బిగించేటప్పుడు గ్యాస్ సంస్థ గుర్తింపు ఉన్న సాంకేతిక నిపుణుడినే పిలవండి. సిలిండర్ నిటారుగా, గాలి ఆడే చోట ఉండాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే నేలబారున పల్లంలో పేరుకుంటుంది. రబ్బరు గొట్టాన్ని గోడలో దూర్చకూడదు, దాని మీద ముద్రించిన గడువు దాటనివ్వకూడదు. లీకేజీని సబ్బునీళ్లతోనే చూడాలి, అగ్గిపుల్లతో కాదు. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా మారినా, గీజర్ మీద మసి కనిపించినా వాడడం ఆపి బర్నర్ శుభ్రం చేయించాలి. మంట నీలంగా ఉన్నంత మాత్రాన విషవాయువు లేదని మాత్రం అనుకోవద్దు. ఏటా ఒకసారి సర్వీసింగ్ తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, గీజర్‌కు దగ్గరగా ఉన్న గదిలో మనిషి ముఖం ఎత్తులో పెట్టుకోండి. వంటగ్యాస్ లీకును పట్టే అలారం వేరు, ఇది వేరు. ఒకటి కొని రెండో పనికి వాడితే లాభం లేదు.

మీ భార్య విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్ కార్బన్ మోనాక్సైడ్‌ను తల్లి హీమోగ్లోబిన్‌కన్నా గట్టిగా పట్టుకుంటుంది, చాలా నెమ్మదిగా వదులుతుంది. అందువల్ల తల్లికి తలనొప్పి తగ్గిపోయి, రక్తపరీక్షలో శాతం తక్కువగా వచ్చినా కడుపులోని బిడ్డ సురక్షితంగా ఉన్నట్లు కాదు. ఎప్పుడైనా ఆమెకు ఇలాంటి అనుమానం కలిగితే ఇంట్లో కూర్చుని చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గర్భిణులకు మామూలువారికన్నా ఎక్కువసేపు ఆక్సిజన్ పెడతారు. మీ అమ్మగారి వంటివారిలో, అంటే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో, రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ 2 నుంచి 4 శాతానికి చేరినా శ్రమ చేసేటప్పుడు ఛాతీనొప్పి మామూలుకన్నా త్వరగా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. ఆరోగ్యవంతుడికి తెలియనైనా తెలియని మోతాదు అది. పెద్దవారి చర్మం వేడినీళ్లకు త్వరగా బొబ్బలెక్కుతుంది కనుక బకెట్‌లో చల్లనీళ్లు ముందు పోసి, తర్వాత వేడినీళ్లు కలపడం అలవాటు చేయండి.

ఎవరైనా స్నానాల గదిలో పలకకపోతే ముందు తలుపు తెరిచి, గ్యాస్ కట్టేసి, వారిని ఆరుబయటికి తీసుకురావాలి. లోపలికి వెళ్లేవారు అక్కడే నిలబడి పరీక్షించడం, ముఖం మీద నీళ్లు చల్లడం వంటివి చేయకూడదు. వారూ అదే గాలి పీలుస్తారు. శ్వాస లేకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, మరొకరితో అంబులెన్స్ పిలిపించాలి. ఆసుపత్రిలో మొట్టమొదట చెప్పాల్సిన మాట ‘గ్యాస్ గీజర్ నడుస్తోంది’ అన్నదే. ముఖానికి బిగుతైన మాస్కుతో నూరుశాతం ఆక్సిజన్ ఇస్తే, రక్తంలోని విషం సగానికి తగ్గడానికి పట్టే నాలుగైదు గంటల సమయం గంట, గంటన్నరకు దిగివస్తుంది. రోగి కళ్లు తెరిచి మాట్లాడినంత మాత్రాన ఇంటికి తీసుకువెళ్లిపోవద్దు. కొందరిలో పూర్తిగా కోలుకున్నట్లు కనిపించిన కొన్ని రోజులకు, ఒక్కోసారి కొన్ని వారాలకు మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, నడకలో తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం మొదలవుతాయి. స్పృహ తప్పినవారిని కనీసం నెలన్నర పాటు గమనిస్తూ, వీటిలో ఏది కనిపించినా న్యూరాలజిస్టుకు చూపించి, గీజర్ ఘటన జరిగిన తేదీతో సహా వివరంగా చెప్పండి.