ముందు కార్డు సంగతి, తర్వాత నీ పేరు సంగతి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నాన్నా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ క్రెడిట్ కార్డు మీద ఎవరో డబ్బు లాగేసిన దొంగతనం గురించి నాలుగు వాక్యాలు, నీ తెలివితక్కువతనం గురించి రెండు పేజీలు రాశావు. ఇరవై ఏడేళ్ళు బ్యాంకులో కార్డు ఫిర్యాదులు చూసినదాన్ని. నా బల్ల ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో లెక్కల మాస్టార్లున్నారు, వకీళ్ళున్నారు, మా బ్యాంకు ఉద్యోగులే ఉన్నారు. సిగ్గుపడి రెండు మూడు రోజులు నోరు విప్పనివాళ్ళే ఎక్కువ పోగొట్టుకున్నారు. నిన్ను నువ్వు తిట్టుకోవడానికి తర్వాత కావలసినంత తీరిక దొరుకుతుంది.

కార్డు ఆపించానన్నావు, బాగుంది. ఫిర్యాదు సంఖ్య ఏది? నష్టంలో నీ మీద ఎంత పడుతుందన్నది చాలా చోట్ల నువ్వు ఎంత త్వరగా తెలియజేశావన్నదాన్ని బట్టే తేలుతుంది. ఫోనులో చెప్పాను అన్నంత మాత్రాన అది రుజువు కాదు. ఇవాళే మళ్ళీ ఫోను చెయ్యి. కార్డు వెనక ముద్రించిన నంబరుకే చెయ్యి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సహాయ నంబర్లలో దొంగలు పెట్టినవీ ఉంటాయి. ఫిర్యాదు సంఖ్య, మాట్లాడిన మనిషి పేరు, సమయం రాసుకుని, వెంటనే అదే సంగతి ఈమెయిల్‌లో పంపు. ఏ తేదీ, ఎంత మొత్తం, ఎవరి ఖాతాకు వెళ్ళింది, అది నేను చేసిన లావాదేవీ కాదు. ఇంతే చాలు. మాకు వచ్చే ఉత్తరాల్లో కథ ఎక్కువ, తేదీలు తక్కువ ఉండేవి.

బిల్లులో నువ్వు నిజంగా వాడుకున్న మొత్తం మాత్రం గడువులోపల కట్టెయ్యి. కోపంతో బిల్లంతా ఎగ్గొడితే ఆలస్య రుసుము పడుతుంది, నీ రుణ చరిత్రకు మచ్చ కూడా పడుతుంది. విచారణ నడుస్తుండగా బ్యాంకు ఆ సొమ్మును నీ ఖాతాకు తిరిగి జమ చేసినా ముట్టుకోకు. అది తాత్కాలికం, విచారణ నీకు వ్యతిరేకంగా తేలితే వెనక్కి తీసుకుంటారు.

కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు, నంబరు ఎలా తెలిసింది అని అడిగావు. ఎవరూ చూడకపోయినా తెలియవచ్చు. కార్డు నంబరులో మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు జారీ చేసిన సంస్థను తెలుపుతాయి. చివరి అంకె, ముందున్నవాటి మీద ఒక చిన్న లెక్క వేస్తే వచ్చేది. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు పెట్టిన పద్ధతి అది. అంకె పొరపాటున తప్పు కొడితే పట్టుకోవడానికి పుట్టింది, దొంగను ఆపడానికి కాదు. ఆ లెక్కకు సరిపోయే నంబర్లను కంప్యూటర్ వేలకు వేలు పుట్టిస్తుంది. వాటిలో ఏది ప్రాణంతో ఉందో చూడటానికి ముందు చిల్లర మొత్తం లాగుతారు. పెద్ద మొత్తం పోవడానికి నాలుగు రోజుల ముందు బిల్లులో తెలియని చిన్న మొత్తం ఒకటి కనిపించిందనీ పట్టించుకోలేదనీ రాశావే, అది బహుశా ఆ పరీక్షే. నవ్వుతావేమో గాని, అలాంటి చిల్లర నా సొంత బిల్లులో కనిపిస్తే నేనూ వదిలేశాను, అదీ ఆ విభాగంలో పనిచేస్తూనే! వారం తిరగకుండా నా కార్డు మీద ఎవరో విమానం టికెట్లు కొనుక్కున్నారు.

అయితే నాన్నా, నన్ను కంగారు పెట్టింది ఈ డబ్బు కాదు. నువ్వు ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టు రాసిన మాట: తీసుకోని అప్పు కట్టమని ఎవరో ఫోను చేశారని. కార్డు నంబరు మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ మార్చుకోలేం. ఆ ఫోను నిజమైనదే అయితే ఎవరో నీ పేరుతో తిరుగుతున్నారన్నమాట.

మొదట ఈమెయిల్ చూసుకో. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డులూ మార్చుకునే దారి దాని గుండానే పోతుంది. వేరే, నమ్మకమైన కంప్యూటర్ నుంచి పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల్లోనూ లాగవుట్ చేయించు. తర్వాత సెట్టింగుల్లో, వచ్చిన ఉత్తరాలను ఇంకెక్కడికైనా పంపే ఏర్పాటు ఉందేమో వెతుకు. పాస్‌వర్డు మార్చేసి హాయిగా పడుకున్నవాళ్ళ ఉత్తరాలు నెలల తరబడి దొంగకు చేరడం నేను చూశాను. ఫోనులో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి తిరిగి రాకపోతే నెట్‌వర్క్ బాగాలేదని సరిపెట్టుకోకు; నీ నంబరును ఎవరో తమ సిమ్‌కు మార్పించుకుని ఉండవచ్చు. వేరే ఫోను నుంచి వెంటనే కంపెనీతో మాట్లాడు.

తర్వాత రుణ నివేదిక, అంటే నీ పేరున ఉన్న అప్పుల చిట్టా, తెప్పించు. ఆ చిట్టాలు రాసే ఒక సంస్థ నుంచి కాదు, మీ దగ్గర ఉన్న అలాంటి అన్ని సంస్థల నుంచీ. అప్పిచ్చిన ప్రతివాళ్ళూ అన్నిటికీ సమాచారం పంపకపోవచ్చు. ఖాతాల జాబితా అందరూ చూస్తారు. నువ్వు దాని కింద, నీ నివేదిక ఎవరెవరు అడిగారో చెప్పే విచారణల జాబితా కూడా చూడు. అప్పు కోసం దరఖాస్తు పడినప్పుడల్లా అందులో ఒక గీటు పడుతుంది, అప్పు ఇంకా మంజూరు కాకముందే. నీ పేరున కొత్త అప్పు పుట్టకుండా నివేదికను స్తంభింపజేసే సౌకర్యం మీ దగ్గర ఉంటే వాడుకో. ఈ సంస్థలే భద్రమా అంటే, 2017లో అలాంటి అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ నుంచే దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. వాళ్ళలో ఎవరూ ఏ లింకూ నొక్కలేదు.

అప్పు వసూలుకు ఫోను చేసేవాళ్ళతో ఎక్కువ మాట్లాడకు. ‘ప్రస్తుతానికి కొంచెం కట్టండి, తర్వాత సరిచేస్తాం’ అంటారు. ఒక్క పైసా కట్టకు. కడితే అప్పు నీదని ఒప్పుకున్నట్టు వాదించడానికి దారి ఇచ్చినట్టే. అప్పిచ్చిన సంస్థ చిరునామా నువ్వే విడిగా కనుక్కుని, దరఖాస్తు ప్రతి, సంతకం, ఇచ్చిన ఫోటో, చిరునామా, డబ్బు జమ అయిన ఖాతా వివరాలు రాతపూర్వకంగా అడుగు. ఆ చిరునామాలో నువ్వెప్పుడూ ఉండకపోతే సగం పని అయినట్టే. పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వు. దొంగ దొరుకుతాడన్న ఆశతో కాదు. ఆ నకలు లేకపోతే చాలా సంస్థలు ఫైలు కదపవు.

ఇక దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, కొన్నాళ్ళకు ఒకడు ఫోను చేసి పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాను, ముందు రుసుము కట్టమంటాడు. నీ కేసు వివరాలన్నీ చెబుతాడు కూడా. ఆ వివరాలు మొదటి దొంగ అమ్మినవి కావచ్చు. ఫోను పెట్టెయ్యి.

అప్పిచ్చిన సంస్థకు పంపే ఉత్తరం చిత్తుప్రతి ముందు నాకు పంపు. సగం కొట్టేసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
పెద్దమ్మ