కొత్త క్లచ్ ఇరవై రోజులకే జారితే...

ప్రశ్న: మాది పరకాల. నా పాత కారుకు క్లచ్ అరిగిపోతే వరంగల్‌లో ఒక షెడ్డులో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మార్పించాను. ఫోన్‌లో 14,500 పంపాను. బిల్లు ఇవ్వలేదు. ఇరవై రోజులకే ఎక్స్‌లేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది తప్ప బండి లాగడం లేదు. అడిగితే "హాఫ్ క్లచ్ మీద తోలి మీరే కాల్చుకున్నరు, మళ్ల విప్పాలంటే 5 వేలు" అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ బండిని మళ్లీ ఆ షెడ్డులో మాత్రం పెట్టకండి. మీ సాక్ష్యమంతా గేర్‌బాక్స్ వెనకాలే ఉంది. పైగా కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి కూలి ముట్టేదాకా బండిని ఆపుకునే హక్కు మెకానిక్‌కు ఉంటుంది.

ఫలానా రోజు, ఫలానా షెడ్డులో విప్పిస్తున్నాను, వచ్చి చూసుకోండి అని ఆయనకు వాట్సాప్ పెట్టండి. రాకపోయినా సరే, గేర్‌బాక్స్ దించడం దగ్గర్నుంచి వీడియో తీయించండి. కొత్త ప్లేటు నూనెతో తడిసి ఉంటే ఇంజన్ వెనక ఆయిల్ సీల్ కారుతోందని అనుమానించాలి. అది పాత లీకేజీ అయితే, చూడకుండా ప్లేటు బిగించడం సేవాలోపమే. ప్లేటు పొడిగా ఉండి, ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం) మీద నీలి మచ్చలుంటే వేడికి కాలినట్టు. అప్పుడు, క్లచ్ పెడల్ సగం తొక్కి తోలారన్న ఆయన మాటకు బలం వస్తుంది. అయితే పెడల్‌కు ఫ్రీ ప్లే (పైన కొంచెం వదులు) లేకుండా కేబుల్ బిగించినా క్లచ్ అలాగే కాలుతుంది. అందుకే విప్పిన మెకానిక్‌తో కారణం రాయించి సంతకం తీసుకోండి. తప్పు మీ తోలడంలోనే ఉందని తేలితే, నా సలహా, కేసు మానుకోండి.

బిల్లు లేదని టెన్షన్ వద్దు. డబ్బు పంపిన రికార్డు, ఆయనతో చేసిన చాటింగ్ సాక్ష్యాలే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు చూడండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. అప్పటికీ దారికి రాకపోతే మీరుండే జిల్లాకు చెందిన వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్‌గా నేను చెప్పకూడదేమో గానీ, ఇంత చిన్న మొత్తానికి లాయర్‌ను పెట్టుకోకండి, మీరే రాసుకోండి.

కారు కిరాయికి తిప్పుతున్నారో లేదో రాయలేదు. బతుకుదెరువు కోసం మీరే నడుపుకుంటే ఇబ్బంది లేదు. డ్రైవర్లను పెట్టి రెండు మూడు బండ్లు తిప్పుతుంటే మాత్రం అది వ్యాపారం, మీరు వినియోగదారు కారని అవతలివాళ్లు ముందుగా పట్టుకునేది దాన్నే.