సైకిలు తొక్కే అమ్మణ్ణికి మామ రాసేది

అమ్మణ్ణీ,

కొర్లగుంట నుంచి యూనివర్సిటీకి ఇక సైకిల్లోనే పోతానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. డ్రైవర్ల గురించి ఇంట్లోవాళ్లు భయపెడుతుంటారు గానీ, తిరుపతిలో బండి నడిపేవాళ్లు చాలామంది దారి ఇచ్చేవాళ్లే. కాకపోతే నువ్వు ఎటు పోబోతున్నావో వాళ్లకు కాస్త ముందుగా తెలియాలి.

గొడవలన్నీ కుడికి తిరిగే దగ్గరే వస్తాయి కాబట్టి ముందు అది చెబుతాను. మలుపుకు ముప్పై గజాల ముందే వేగం తగ్గించు. గడ్డం కుడి భుజం మీదికి తెచ్చి వెనక్కి చూడు. తల తిరిగితే హ్యాండిలు కూడా అటే లాగుతుంది, అందుకని మోచేతులు బిగపట్టకు. పొద్దున్నే యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద తెల్లగీత పట్టుకొని పోతూ ఇది సాధన చెయ్యి. గీత తప్పకుండా వెనక్కి చూడగలిగినాకే సర్కిళ్లలోకి రా. చూసినాక కుడిచేయి భుజమెత్తున చాచు, అరచేయి ముందుకు ఉండాలి. మనసులో మూడు లెక్కపెట్టేదాకా దించొద్దు. ఆ చేయి చాచినంతసేపూ నీకు మిగిలేది ఎడమ బ్రేకు ఒక్కటే. అది ఏ చక్రానిదో ఇంట్లోనే చూసుకో. ముందు చక్రానిదైతే గట్టిగా పట్టినప్పుడు ముందుకు పడే ప్రమాదం ఉంది, వెనక చక్రానిదైతే సైకిలు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. వేగం ముందే తగ్గించమన్నది అందుకే. చేయి చాచడమంటే దారి అడగడం, అంతవరకే. వెనక కారు నిజంగా నెమ్మదించిందని చూసుకొని అప్పుడు జరుగు.

లీలామహల్ సర్కిల్ లాంటి చోట రద్దీలో ఇది కుదరదు. అక్కడ రెండు విడతలుగా దాటు. ఎడమ అంచునే నేరుగా అవతలి మూలకు పో, ఆగు, సైకిలు కుడికి తిప్పుకో, ఆ రోడ్డు బండ్లు కదిలినప్పుడు వాటితోపాటు కదులు. ఒక నిమిషం ఆలస్యమైతే అయింది.

మామూలుగా పోయేటప్పుడు మరీ అంచుకు పోవద్దు, మూడడుగులు వదిలిపెట్టు. అంచులో ఇసుక ఉంటుంది, కాలువ మూతలుంటాయి. వాటిని తప్పించుకోవడానికి నువ్వు చటుక్కున కుడికి వచ్చేస్తే వెనకవాడు ఎంత మంచివాడైనా ఏం చెయ్యగలడు? వెనక నుంచి చిన్న హారన్ వినిపిస్తే ఉలిక్కిపడకు. మన ఊళ్లో అది తిట్టు కాదు, 'వస్తున్నా' అని చెప్పడం. ఉన్న గీతలోనే ఉండి తొక్కు.

ఆర్టీసీ బస్సుతో మాత్రం చాలా జాగ్రత్త. స్టాపులో ఆగిన బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య దూరొద్దు, దిగేవాళ్లు నీ మీదికే దిగుతారు. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మూలను కోసుకుంటూ లోపలికి వస్తాయి. ఆ సందులో సైకిలుంటే నలిగిపోతుంది. డ్రైవర్ ముఖం ఆయన అద్దంలో నీకు కనపడకపోతే నువ్వూ ఆయనకు కనపడవు. అప్పుడు వెనకే ఉండు. ఒక్కోసారి ఆయనే బస్సు ఆపి, 'పోమ్మా' అని చేయి ఊపుతాడు. తలూపి కదులు గానీ, బస్సు దాటే చోట ఆగి తొంగిచూడు. ఆయన ఎందుకు ఆగాడో పక్కనుంచి దూసుకొచ్చే బైకువాడికి తెలియదు. అదే లెక్కన నువ్వు కూడా వెనకవాళ్లను 'పోండి పోండి' అని ఊపొద్దు. ఎదురుగా ఏమొస్తోందో వాళ్లే చూసుకోవాలి.

షేర్ ఆటో వెనక పోతుంటే రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల చేతులు గమనించు. ఎవరు చేయెత్తినా ఆటో అక్కడే ఆగుతుంది. రెండు సైకిళ్ల దూరం వదులు.

ఇక అలిపిరికి పోయే యాత్రికుల కార్లు. తమిళనాడు, కర్ణాటక నంబరు ప్లేటు, నెమ్మదిగా పోతున్న బండి, ఫోను వైపు వంగిన తల కనపడితే అది ఏ క్షణమైనా ఎటైనా తిరగొచ్చు. పక్కకు పోకుండా వెనకే ఉండు. అద్దం దించి దారి అడిగితే సైకిలు అంచుకు తీసి, దిగి చెప్పు. 'నేరా పోంగ' (నేరుగా పోండి) అన్న రెండు మాటలకే తమిళ డ్రైవర్ ముఖం వెలిగిపోతుంది. స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు, వాళ్లకు మన ఊరి మర్యాద అక్కడే తెలుస్తుంది.

ఎవరైనా మరీ దగ్గరగా రాసుకుంటూ పోతే బండి మీద చరచొద్దు, వెంటపడొద్దు. సిగ్నల్ దగ్గర పక్కన చేరితే 'అన్నా, కొంచెం ఎడం ఇవ్వన్నా, గాలికే ఊగిపోతా ఉన్నా' అని ఒక్క మాట చెప్పు. నువ్వెందుకు భయపడ్డావో తెలిస్తే చాలామంది 'సరేమ్మా' అంటారు. అనకపోతే వదిలెయ్.

చీకటి పడినాక సీటు కింద ఎర్రలైటు, ముందు తెల్లలైటు తప్పనిసరి. ముందుది మిణుకు మిణుకుమనే రకం వద్దు, నిలకడగా వెలగాలి, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచు. వెలుగు పడితే మెరిసే పట్టీ రెండంగుళాల వెడల్పుది రెండు చీలమండలకూ చుట్టు. అది పైకీ కిందికీ ఆడుతుంటే సైకిలు తొక్కుతున్న మనిషని దూరం నుంచే తెలుస్తుంది, వీపు మీద పట్టీకి ఆ గుణం లేదు. చున్నీ నడుముకు కట్టెయ్, వెనక చక్రంలో చుట్టుకుంటుంది.

ఈ ముక్క మీ నాన్నకు చదివి వినిపించు. రోడ్డు పక్కన కారు ఆపినాక డ్రైవర్ తలుపు ఎడమచేత్తో తీయమను. ఎడమచేయి అంత దూరం చాచాలంటే ఒళ్లు దానంతటదే కుడికి తిరుగుతుంది, వెనక వచ్చే సైకిలు కంటపడుతుంది. బ్రిటన్‌వాళ్లు 2022లో దీన్ని తమ రోడ్డు నియమావళిలో చేర్చుకున్నారు. ఎడమ సీటులో మీ అమ్మ కూర్చుంటే ఆమె కుడిచేత్తో తీయాలి.

ఆశీస్సులతో,
మీ మామ