వాచ్ కొంటే సరిపోతుందా?

ప్రశ్న: అమ్మకు 74 ఏళ్లు, బీపీ ఉంది, హైదరాబాద్ మల్కాజిగిరిలో ఒక్కతే ఉంటుంది. నేనుండేది పుణేలో. రీడింగులు నా ఫోన్‌కి వచ్చే బీపీ మిషన్, వాచ్ కొంటే ఇక టెన్షన్ ఉండదా?

జవాబు: మిషన్ కొనండి, కానీ మణికట్టుకు కట్టేది కాదు, జబ్బకు పట్టీ చుట్టేది, అమ్మగారు వెనక్కి ఆనుకుని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూసుకోవాలి, లేకపోతే (మెట్లెక్కి రాగానే చూసుకునేవాళ్లే ఎక్కువ) అంకె పెరిగి మీకు ఊరికే కంగారు. రోజూ 135/85 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పండి. వాచ్ సంగతి తర్వాత. అలారం మోగితే పుణే నుంచి మీరేం చేస్తారు? తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి, వాళ్ల నంబరూ, అంబులెన్స్ నంబరు 108 కూడా అమ్మగారి ఫోన్‌లో పైనే ఉండాలి. వాచ్‌కి పెట్టే డబ్బుతో ముందు బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ పెట్టించండి. మందులు మర్చిపోతున్నా, నడుస్తూ తూలుతున్నా మాత్రం మనిషిని పెట్టాల్సిందే.