పెరట్లో తేనెటీగల పెట్టె: ముందుగా ఆలోచించవలసినవి

చిన్న పెరడు, ఇద్దరు పిల్లలు, గోడ అవతల పొరుగువారు. ఒక పెట్టె పెట్టుకుంటే ప్రమాదమా అని అడిగారు. నేను ఆరేళ్లుగా పెంచుతున్నాను. కుడతాయా అంటే కుడతాయి, పెంచేవారికి అది తప్పదు. మీ సంగతి మీరు చూసుకోగలరు. అడగకుండానే ఈగల దారిలో పడేవారి సంగతే ఆలోచించాలి.

మొదటి ఏడాది ముసుగు, చేతితొడుగులు అన్నీ కొన్నాను, నీళ్ల మాట మరిచాను. ఎండలు ముదిరితే గూడు చల్లబరచుకోవడానికి వాటికి నీళ్లు కావాలి. అవి పక్కింటి కుళాయిని మరిగాయి. ఆలస్యంగా నేను పళ్లెంలో నీళ్లు పెడితే అటు చూడనైనా లేదు. ఒకరోజు ఆ ఇంటావిడ తడిబట్టలు పిండుతుంటే అరచేతిలో కుట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు, అందుకే మరీ సిగ్గేసింది. ఈగలు ఆ కుళాయి అలవాటు మానాలని పెట్టెను దూరాన ఉన్న మిత్రుని తోటకు పంపి, నెల తరువాత తెచ్చి, తెచ్చిన రోజే గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం దగ్గరలో పెట్టాను.

పెట్టె ద్వారం నడిచే దారివైపు ఉండకూడదు. దాని ముందు ఆరడుగుల దడి ఉంటే ఈగలు పైకి లేచి తలల మీదుగా పోతాయి. పిల్లలకు ఆ ద్వారం ముందు నిలబడవద్దని, ఈగ దగ్గరికొస్తే చేతులు విసరవద్దని నేర్పండి.

కుడితే ముల్లు చర్మంలోనే ఉండి విషం దించుతూ ఉంటుంది. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. తీసి అక్కడి నుంచి తప్పుకోండి. కుట్టినచోట అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకు పిలుపు.

కుట్టినచోట వాపు, దురద మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం మాత్రం ప్రాణాంతకం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పోయినసారి ఏమీ కాలేదన్న ధైర్యం పనికిరాదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, నేనైతే పెట్టె పెట్టను.

కొత్త గూడు వెతుక్కుంటూ ఈగల గుంపు పెట్టె నుంచి లేచి కొమ్మకు వేలాడినప్పుడు జనం హడలిపోతారు. అప్పుడే అవి నెమ్మదిగా ఉంటాయి: కడుపునిండా తేనె, కాపాడుకోవడానికి గూడూ లేదు. కానీ ఆ కొమ్మ పొరుగువారిదైతే ఈ వివరణ ఎవరు వింటారు? పూల కాలంలో వారానికోసారి పెట్టె తెరిచి, కొత్త రాణి ఈగ కోసం గదులు కడుతున్నాయేమో చూడండి, గుంపు లేవబోతోందనడానికి అది గుర్తు. మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం చీకటి పడేటప్పుడు తెరవకండి.

రెండో పెట్టె తెచ్చేముందు పక్కింటావిడను అడిగాను. కుళాయివైపు కాకుండా అటు చివర పెట్టుకోమన్నారు.