చలి దేశంలో చీకటి దిగులు: విటమిన్ డి ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 34. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. మావారు కిందటి ఏడాది వేసవి నుంచి స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నవంబర్ వచ్చేసరికి మనిషే మారిపోయారు. సెలవు రోజైతే మధ్యాహ్నం దాకా నిద్ర, లేస్తే ఏదో ఒకటి తింటూ ఉండటం, ఫోన్ చేస్తే ముక్తసరిగా రెండు మాటలు. ఏప్రిల్‌కల్లా మళ్లీ మామూలయ్యారు. ఈ డిసెంబర్‌లో నేనూ వెళ్తున్నాను. నాకు థైరాయిడ్ ఉంది. విటమిన్ డి సాషేలు ఓ డబ్బా కొనిపెట్టాను. ఇద్దరికీ సరిపోతాయా?
- ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సాషేలతో పని జరగదమ్మా. మీవారికి ముందు కావాల్సింది వెలుతురు.

బెంగళూరులో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే ఉంటుంది. స్టాక్‌హోమ్‌లో డిసెంబర్ మూడో వారంలో పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం మూడు కాకముందే వెళ్లిపోతాడు. ఆఫీసుకు చీకట్లో వెళ్లి చీకట్లోనే ఇంటికి రావాలి. మన ఒంట్లోని గడియారం పొద్దున కంట్లో పడే వెలుతురును బట్టి నడుస్తుంది. అది అందక కొందరికి పగలంతా మగతగా ఉంటుంది, అన్నం, స్వీట్ల మీదికి మనసు పోతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో దీని గురించి వివరంగా రాసింది. ఒక్క చలికాలం చూసి ఈ పేరు పెట్టేయలేం. వరసగా రెండేళ్లు ఇలాగే వచ్చి పోతే అప్పుడు ఖాయం చేస్తాం. ఈలోపు ఆయనది బద్ధకమని దెబ్బలాడకండి.

దీనికి లైట్ బాక్స్, అంటే పగటి వెలుగులా కాంతినిచ్చే దీపపు పెట్టె, బాగా పనిచేస్తుంది. 10,000 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) వెలుతురు ఇచ్చేది, అతినీల లోహిత కిరణాలను ఆపే ఫిల్టర్ ఉన్నది కొనాలి. ఆఫీసు గదుల్లో ఉండేది మూడొందలు, ఐదొందల లక్సే. నిద్ర లేచిన గంటలోపు, కంపెనీ చెప్పిన దూరంలో పెట్టుకుని అరగంట కూర్చోవాలి. దానివైపే గుడ్లప్పగించి చూడక్కర్లేదు. పక్కన పెట్టుకుని టిఫిన్ తినొచ్చు, మెయిల్స్ చూసుకోవచ్చు. సాయంత్రం వాడితే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆయనకు రెటీనా (కంటి వెనక పొర) జబ్బు గానీ, బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) గానీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. బైపోలార్ ఉన్నవాళ్లకు ఈ వెలుతురుతో మానియా, అంటే అదుపు తప్పిన హుషారు, రేగే ప్రమాదం ఉంది.

బాక్స్ ఉంది కదా అని ఇంట్లోనే ఉండిపోకండి. లంచ్ టైమ్‌లో ఇద్దరూ అరగంట బయట నడవండి. మబ్బు పట్టినా బయటి వెలుతురు గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. లోపల ఉన్ని బనియన్ వేసుకోండి. కాటన్‌ది వేసుకుంటే చెమటకు తడిసి ఇంకా చలి పుడుతుంది.

ఇక మీ డబ్బా సంగతి. స్టాక్‌హోమ్ ఉన్న 59 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో చలికాలపు ఎండతో చర్మంలో విటమిన్ డి తయారు కాదు, కాబట్టి అది అవసరమే. కానీ మన షాపుల్లో దొరికే సాషేలో ఉండేది 60,000 యూనిట్లు. రక్తపరీక్షలో లోపం తేలితే వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తాం. దాన్ని రోజుకొకటి వేసుకునేవాళ్లను చూశాను. రక్తంలో కాల్షియం పెరిగి, కిడ్నీల మీదికి వస్తుంది. లోపం లేకపోతే రోజుకు 600 నుంచి 1,000 యూనిట్ల మాత్ర చాలు. డాక్టర్ చెప్పకుండా 4,000 దాటొద్దు.

ఇన్ని చేసినా రెండు వారాల్లో మార్పు లేకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా అక్కడి డాక్టర్‌ని కలవండి. కౌన్సెలింగ్, మందులు రెండూ ఉన్నాయి. స్వీడన్‌లో ఆరోగ్య సలహాకు 1177కు ఫోన్ చేయొచ్చు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఆగకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 112కు చేయండి. మీరు బెంగళూరులో ఉన్నన్నాళ్లు మీకే దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

మీ విషయానికొస్తే, ప్రయాణానికి ముందే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ అదుపులో లేకపోయినా నీరసం, చలి, దిగులు వస్తాయి. అక్కడికెళ్లాక ఏది దేనివల్లో తేల్చుకోవడం కష్టం. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగి ఫిల్టర్ కాఫీ తాగండి. కాల్షియం కలిసిన విటమిన్ డి3 మాత్ర అయితే నాలుగు గంటల తేడా ఉండాలి, అందుకే దాన్ని మధ్యాహ్నం భోజనం తర్వాతకి పెట్టుకోండి.